మంచం దిగండి, మీ లెక్కలో నడవండి

గుండె ఎకో రిపోర్టు ఇంటికొచ్చిన రోజే మంచం కూడా నడింట్లోకి వస్తుంది. ప్రొద్దుటూరులోనైనా, జమ్మలమడుగులోనైనా, పులివెందులలోనైనా ఇదే వరస. "పంపింగ్ తక్కువుందంట" అన్న మాట సాయంత్రానికి వీధంతా తెలుస్తుంది. పెద్దకొడుకు మంచాన్ని ఫ్యాను కిందికి జరుపుతాడు. కోడలు నీళ్ల చెంబు చేతికందిస్తుంది. "నువ్వు లేయొద్దు నాయనా, ఏం కావాలన్నా మేం తెచ్చిస్తాం" అంటారు. చూడ్డానికొచ్చిన చుట్టాలు చీనీకాయల సంచి అక్కడ పెట్టి, "మనిషిని కదలనీయకండి" అని చెప్పి మరీ పోతారు. వీళ్లలో ఎవరి ప్రేమనూ శంకించాల్సిన పని లేదు. ఆ ప్రేమ చేసే పనిని మాత్రం శంకించాలి.

గుండె బలహీనపడ్డ మనిషి కదలాలి. ఎంత కదలాలన్నది అతని ఒంటిని బట్టే తేలాలి. పక్కింటాయన ఆరు కిలోమీటర్లు నడుస్తున్నాడని మీరూ ఆరు నడవడం ఎంత తెలివితక్కువో, డాక్టరు వద్దనకపోయినా ఆరు నెలలు పడుకోవడం కూడా అంతే తెలివితక్కువ.

రిపోర్టులో అందరి కళ్లూ పడేది ఒక అంకె మీద. పంపింగ్ 30 శాతం అని ఉంటే దాన్ని పదో తరగతి మార్కుల్లా చదువుతారు: నూటికి ముప్పై, ఫెయిలు. నూటికి నూరు వచ్చే గుండె లోకంలో లేదు. ఆరోగ్యంగా ఉన్న గుండె కూడా ఎడమ గదిలో నిండిన రక్తంలో ఒక్కో దెబ్బకు 55 నుంచి 70 శాతం వరకే బయటికి నెడుతుంది, మిగతాది లోపలే ఉండిపోతుంది. కాబట్టి 30 అంటే మామూలులో దాదాపు సగం. తక్కువే, జాగ్రత్తపడాల్సిందే. ఇంకో వైపు, పంపింగ్ 60 ఉన్నా నాలుగు మెట్లెక్కగానే ఆయాసపడేవాళ్లున్నారు. ఏళ్ల తరబడి బీపీ, షుగరు, లావు ఉన్నవాళ్లలో గుండె కండ బిరుసెక్కి, సరిగా సాగక, నిండాల్సినంత రక్తం లోపల నిండదు. అదీ హార్ట్ ఫెయిల్యూరే. "నాది అరవై, నాకేం భయం" అని గుండె మీద చెయ్యేసుకుని నిద్రపోయేవాళ్లు ఈ సంగతి తెలుసుకోవాలి.

ఎంత దూరం నడవగలరో ఆ అంకెను చూసి చెప్పలేం. 25 ఉన్నాయన సంతకు పోయి కూరగాయలు తెచ్చుకుంటాడు. 40 ఉన్నాయన స్నానాల గది దాకా పోయి గోడ పట్టుకుంటాడు. తేడా చాలా వరకు కాళ్లలో ఉంది. వాడకపోతే కండ కరుగుతుంది. మిగిలిన కండ కూడా రక్తం తెచ్చిచ్చిన ప్రాణవాయువును సరిగా వాడుకోలేదు. అప్పుడు చిన్న పనికి కూడా గుండె ఎక్కువ కొట్టుకోవాల్సి వస్తుంది. ఆయాసం వచ్చిందని ఇంకా పడుకుంటారు, పడుకున్నందుకు కండ ఇంకా కరుగుతుంది. హార్ట్ ఫెయిల్యూర్ ఉన్నవాళ్లలో వ్యాయామం ముందుగా బాగుచేసేది తొడల్ని, పిక్కల్ని. గుండెకు దాని వల్ల బరువు తగ్గుతుంది.

పడక వైద్యం ఎలా పోయింది

ఈ మంచం ఆచారాన్ని మన పల్లెల మీదికి తోసేయలేం. పెద్ద పెద్ద ఆసుపత్రులే దాన్ని పాటించాయి. గుండెపోటు వస్తే వారాల తరబడి కదలకుండా పడుకోబెట్టడమే ఇరవయ్యో శతాబ్దం మధ్య దాకా వైద్యం. బోస్టన్‌లో శామ్యూల్ లెవిన్, బెర్నార్డ్ లౌన్ అనే డాక్టర్లు రోగుల్ని లేపి కుర్చీలో కూర్చోబెట్టి, 1952లో ఆ ఫలితాలు అచ్చు వేశారు. అప్పట్లో అది పెద్ద సాహసం. కుర్చీలో కూర్చోవడం!

1966లో అమెరికాలోని డల్లాస్‌లో ఇంకో పని చేశారు. ఇరవై ఏళ్ల వయసున్న ఐదుగురు ఆరోగ్యవంతులైన కుర్రాళ్లను మూడు వారాలు మంచం మీదే ఉంచారు. వాళ్ల ఒంటి దమ్ము బాగా పడిపోయింది. అసలు కథ తర్వాత ఉంది. ముప్పై ఏళ్ల తర్వాత అదే ఐదుగురిని మళ్లీ పిలిచి పరీక్షించారు. జుట్టు నెరిసింది, పొట్టలు వచ్చాయి. అయినా ముప్పై ఏళ్ల వయసు తీసేసిన దమ్ము కంటే, అప్పట్లో మూడు వారాల మంచం తీసేసిందే ఎక్కువని తేలింది. ఇరవై ఏళ్ల కుర్రాడి గతే అదైతే, అరవై ఐదేళ్ల నాయనను ఫ్యాను కింద మూడు నెలలు పడుకోబెట్టిన ఇంట్లో ఏం జరుగుతుందో లెక్క వేసుకోండి.

సరే, మంచం చెడ్డదే. హార్ట్ ఫెయిల్యూర్ ఉన్నవాళ్లకు వ్యాయామం మంచిదని ఎవరైనా చూశారా? చూశారు. అమెరికా, కెనడా, ఫ్రాన్స్ దేశాల్లో 2,331 మంది రోగులతో చేసిన పెద్ద పరిశోధన 2009లో వచ్చింది. అందరికీ పంపింగ్ 35 లేదా అంతకంటే తక్కువ. సగం మందికి ముందు ఆసుపత్రిలో దగ్గరుండి వ్యాయామం చేయించి, తర్వాత ఇంట్లో సైకిలో, ట్రెడ్‌మిల్లో ఇచ్చి కొనసాగించమన్నారు. ఇక్కడ నేను లేనిపోని ఆశ పెట్టను. చావులు, ఆసుపత్రి చేరికలు కలిపి చూస్తే లాభం కొద్దిగానే కనిపించింది, సూటిగా వేసిన లెక్కలో అది గట్టిగా నిలబడలేదు. రోగుల స్థితిగతుల్లోని తేడాల్ని లెక్కలోకి తీసుకుని చూసినప్పుడు మాత్రం 11 శాతం మేలు తేలింది. వ్యాయామం చేసినవాళ్ల మనసులోని దిగులు కూడా కొంత తగ్గింది. అన్నిటికన్నా మనం పట్టుకోవాల్సింది ఇది: అంత బలహీనమైన గుండెలతో చేసినా వ్యాయామం ప్రమాదాన్ని పెంచలేదు. చెప్పిన నిమిషాలు పూర్తిగా చేసినవాళ్లు తక్కువ మందే. మనిషి ఎక్కడైనా మనిషే.

డెబ్బై కిలోమీటర్ల దూరం

కడప జిల్లాలోని మన ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల వైపు ఊళ్లకు వైద్యంతో పాత చుట్టరికం ఉంది. జమ్మలమడుగులో మిషనరీ డాక్టరు క్యాంప్‌బెల్ పేరు మీద నిలిచిన ఆసుపత్రికి చుట్టుపక్కల పల్లెలు తరాలుగా బండ్లు కట్టుకుని పోయాయి. డాక్టరు చదువు ముగించిన వై.ఎస్. రాజశేఖరరెడ్డి మొదట కొన్నాళ్లు ఆ మిషన్ ఆసుపత్రిలోనే పని చేశారు. 1973లో పులివెందులలో తండ్రి రాజారెడ్డి పేరిట డెబ్బై పడకల ఆసుపత్రి పెట్టారు. ముఖ్యమంత్రి అయ్యాక 2007లో ఆరోగ్యశ్రీ తెచ్చారు. స్టెంటు, బైపాస్ అన్న మాటలు పేద ఇళ్లలోకి కూడా వచ్చింది ఆ తర్వాతే.

ఆపరేషన్ బల్ల మీద జరిగేది కొన్ని గంటల పని. ఆ తర్వాత నెలల తరబడి జరగాల్సిన పని ఇంట్లో ఉంటుంది. పెద్ద నగరాల్లో దాని కోసం వారానికి మూడుసార్లు ఆసుపత్రికి వచ్చి, ఫిజియోథెరపిస్టు ముందు వ్యాయామం చేసే ఏర్పాట్లుంటాయి. జమ్మలమడుగు నుంచో, పులివెందుల నుంచో అలాంటి దానికోసం కడపకు పోవాలన్నా డెబ్బై కిలోమీటర్లు పోను, డెబ్బై రాను. బస్సు ఛార్జీ ఒకరిది కాదు, తోడొచ్చే మనిషిది కూడా. ఆ మనిషికి ఆ రోజు కూలి పోతుంది. ఎన్ని వారాలు సాగుతుంది? పోలేకపోయామని దిగులుపడే బదులు ఇంటినే చోటు చేసుకోవడం మేలు.

అది రెండో రకం సరుకేమీ కాదు. బ్రిటన్‌లో 216 మంది హార్ట్ ఫెయిల్యూర్ రోగుల్లో కొందరికి ఇంటి దగ్గరే పన్నెండు వారాల కార్యక్రమం నడిపారు. నర్సులో, ఫిజియోథెరపిస్టులో ఇంటికి వచ్చి నేర్పారు. కుర్చీలో కూర్చుని చేసేవి కొందరికి, మెల్లగా పెంచుకుంటూ పోయే నడక కొందరికి. ఇంట్లో చూసుకునేవాళ్లకు కూడా ఒక పుస్తకం ఇచ్చారు. బతుకు ఎంత సుఖంగా ఉందో కొలిచే మార్కుల్లో వీళ్లు మిగతావాళ్లకంటే స్పష్టంగా మెరుగుపడ్డారు. 2021లో అమెరికా నుంచి ఇంకొకటి వచ్చింది: గుండె మొరాయించి ఆసుపత్రిలో చేరిన 349 మంది ముసలివాళ్ల మీద. అందులో నాకు నచ్చింది ఏమిటంటే, అందరినీ ఒకే దారిలో నడిపించలేదు. లేచి నిలబడలేని మనిషికి ముందు లేవడం, నిలబడితే తూలే మనిషికి ముందు తూలకుండా ఉండడం నేర్పారు. నడక ఆ తర్వాతే. మూడు నెలల్లో వాళ్ల ఒంటి పటుత్వం బాగా పెరిగింది.

మీ ఇంట్లో మొదలుపెట్టే ముందు డాక్టరు నోటితో "మొదలుపెట్టండి" అనిపించుకోవాలి. ఇది మర్యాద కోసం చెప్పే మాట కాదు. కూర్చున్నా ఆయాసం ఉన్నవాళ్లు, కొత్తగా గుండెనొప్పి వస్తున్నవాళ్లు, గుండె కవాటం బాగా మూసుకుపోయినవాళ్లు, గుండె దడ మందులకు లొంగనివాళ్లు, జ్వరంతో ఉన్నవాళ్లు అది కుదుటపడే దాకా ఆగాల్సిందే. గుండెలో షాకిచ్చే పరికరం పెట్టించుకున్నవాళ్లు నాడి ఎంతకు మించకూడదో అంకె అడిగి రాసుకోవాలి.

ముగ్గురు మనుషులు, మూడు లెక్కలు

ఒకే కాగితం జిరాక్సు తీసి ముగ్గురికి పంచితే ఎందుకు చెల్లదో చూద్దాం. వీళ్లు ఫలానా అని కాదు, ఏ వీధిలో చూసినా కనిపించే మనుషులు.

ప్రొద్దుటూరు బంగారు అంగట్లో యాభై రెండేళ్లాయన. పొద్దున అంగడి తెరిచి పరుపు మీద కూర్చుంటే రాత్రి తాళం వేసేటప్పుడే లేస్తాడు. టీ అక్కడికే వస్తుంది, కారం దోశ అక్కడికే వస్తుంది. బీపీ ఉంది, షుగరు ఉంది, గుండెకు ఇంకా ఏమీ కాలేదు. డాక్టర్ల లెక్కలో ఈయన హార్ట్ ఫెయిల్యూర్ మొదటి మెట్టు మీద ఉన్నట్టే: జబ్బు లేదు, దారి మాత్రం అటే ఉంది. లండన్ బస్సుల మీద జెర్రీ మోరిస్ అనే డాక్టరు 1953లో అచ్చు వేసిన పరిశోధన ఈయన కోసమే చేసినట్టుంటుంది. అక్కడి రెండంతస్తుల బస్సుల్లో డ్రైవరు రోజంతా కూర్చుంటాడు, కండక్టరు టిక్కెట్ల కోసం వందల మెట్లు ఎక్కి దిగుతాడు. ఒకే బస్సు, ఒకే పొగ, ఒకే రకం జీతం. గుండెజబ్బు మాత్రం డ్రైవర్లలోనే చాలా ఎక్కువ.  

ఈయనకు కుర్చీ వ్యాయామాలు చెప్పడం దండగ. వారానికి 150 నిమిషాల చురుకు నడక ఈయన కనీస లెక్క. ఎక్కువ చేసేకొద్దీ లాభం పెరుగుతుంది. లక్షల మంది వివరాలు కలిపి 2015లో వేసిన లెక్కలో, ఆ కనీసం చేసినవాళ్లకు హార్ట్ ఫెయిల్యూర్ ముప్పు సుమారు 10 శాతం, దానికి నాలుగింతలు చేసినవాళ్లకు 35 శాతం తక్కువగా కనిపించింది. డల్లాస్ పరిశోధకులే 2018లో ఇంకొకటి చూపించారు. 45 నుంచి 64 ఏళ్ల మధ్య వయసుండి, ఒళ్లు కదల్చని మనుషులు రెండేళ్లపాటు వారానికి నాలుగైదు రోజులు వ్యాయామం చేస్తే, బిరుసెక్కడం మొదలైన గుండె తిరిగి సాగే గుణం సంపాదించింది. డెబ్బై దగ్గరపడ్డాక మొదలుపెట్టినవాళ్ల మీద ముందు చేసిన పరీక్షలో దమ్ము పెరిగింది గానీ గుండె బిరుసు మారలేదు. అంగడాయనకు ఇంతకంటే సూటిగా ఎవరు చెప్పగలరు? గడువు ఉంది, దాటిపోక ముందే లేవాలి. ఉదయం అంగడి తెరవక ముందు ముప్పై నిమిషాలు. అంగట్లో గంటకోసారి లేచి, మిద్దె పైకి ఒకసారి ఎక్కి దిగి రావడం. దసరా పది రోజులు బేరాల హడావిడిలో నడక కుదరదంటే, రాత్రి అమ్మవారిశాల దాకా బండి మీద కాకుండా కాలినడకన పోయి రావడం.

జమ్మలమడుగులో డెబ్బై ఏళ్ల జేజి. పంపింగ్ 30. మోకాళ్ల నొప్పులు. ఆసుపత్రి నుంచి వచ్చి మూడు వారాలైంది. ఈమెతో "రోజూ నడువు జేజీ" అంటే నవ్వుతుంది. మంచం మీంచి లేవడానికే మనవరాలి చెయ్యి కావాలి. ఈమె వ్యాయామం గట్టి కుర్చీతో మొదలవుతుంది. ప్లాస్టిక్ కుర్చీ వద్దు, జారుతుంది. చెక్క కుర్చీ వీపు గోడకు ఆనించి వేయాలి. కూర్చుని ముందు మడమలు, వేళ్లు పైకీ కిందికీ ఆడించడం. తర్వాత ఒక్కో కాలు ముందుకు చాపి, మూడు లెక్కపెట్టి దించడం. ఆ తర్వాత అసలు పని: కుర్చీలోంచి లేవడం, కూర్చోవడం. మొదట చేతుల్తో కుర్చీ పట్టుకుని మూడుసార్లు చాలు. ఊపిరి బిగబట్టకూడదు; లేచేటప్పుడు గాలి వదలాలి. మధ్యాహ్నం ఇంకో మూడు. రెండు మూడు రోజులకు ఒకటి పెంచాలి. ఎనిమిది, పది తేలిగ్గా వచ్చిన రోజు గోడ పట్టుకుని నడక మొదలుపెట్టవచ్చు: రెండు నిమిషాలు నడక, రెండు నిమిషాలు కూర్చోవడం, మళ్లీ రెండు నిమిషాలు. అలా నాలుగుసార్లు తిరిగితే ఎనిమిది నిమిషాలు నడిచినట్టే. ముక్కలుగా నడిచినా ఒంటికి చెందుతుంది. మన ఇళ్లలో కడప బండ పరిచి ఉంటుంది, తడిస్తే జారుతుంది. బండలు కడిగిన గంటలో ఆమెను లేపకండి. చెప్పులు వెనక పట్టీ ఉన్నవై ఉండాలి.

ఆమె లెక్క ఎవరు చూస్తారు? ఆమె గొంతే చూస్తుంది. నడుస్తూ విష్ణు సహస్రనామం నెమ్మదిగా చదువుకోగలిగితే వేగం సరిపోయింది. చదవడానికి ప్రతి నామానికీ ఆగాల్సి వస్తే ఎక్కువైంది. గొంతెత్తి పాట పాడగలిగితే ఇంకొంచెం వేగం పెంచవచ్చు. సహస్రనామం రాని ఇంట్లో ఇంకో ప్రార్థన, అదీ లేకపోతే కోడలి మీద చాడీలు, ఏదైనా పనికొస్తుంది. మాట్లాడగలగాలి, పాడలేకపోవాలి, అదే గీత. నాడి లెక్కపెట్టి వేగం నిర్ణయించడం ఈ జబ్బులో తరచూ తప్పుదారి పట్టిస్తుంది. గుండె కోసం ఇచ్చే బీటా బ్లాకర్ మాత్రలు నాడిని పెరగనీయవు. ఒళ్లు అలిసిపోయినా చేతి గడియారం "ఇంకా నడువు" అని చెబుతూ ఉంటుంది.

పులివెందుల పక్క పల్లెలో యాభై ఎనిమిదేళ్ల చీనీ తోట రైతు. నిరుడు గుండెపోటు, స్టెంటు వేశారు, పంపింగ్ 40. "రోజంతా తోటలోనే తిరుగుతా, నాకు మళ్లా వాకింగ్ ఎందుకప్పా?" అంటాడు. న్యాయమైన ప్రశ్నే. తోటలో తిరగడమూ కదలికే, దాన్ని తీసిపారేయలేం. ఇబ్బంది ఎక్కడంటే, తోట పని లెక్క ప్రకారం సాగదు. గంటసేపు డ్రిప్పు పైపుల దగ్గర కూర్చుంటాడు, హఠాత్తుగా యాభై కిలోల ఎరువు మూట ఎత్తుతాడు. ఊపిరి బిగబట్టి ఎత్తిన ఆ క్షణంలో బీపీ ఎగిసిపోతుంది. బలహీనపడ్డ గుండెకు అది పడదు. ఒంటిని మెల్లగా వేడెక్కించి, ఒకే తీరున కొంతసేపు నడిపి, మెల్లగా చల్లార్చే పని తోటలో జరగదు. అందుకే ఆయనకు వేరే లెక్క కావాలి: ఐదు నిమిషాలు మెల్లగా, పదిహేను నిమిషాలు మాట్లాడగలిగే వేగంతో, ఐదు నిమిషాలు మళ్లీ మెల్లగా, వారంలో ఐదు రోజులు. రెండు రోజులు చేతులకు బలం: గోడకు చేతులు ఆనించి వంగి లేవడం, లీటరు నీళ్ల సీసాలు ఎత్తి దించడం. మూట ఎత్తడం ఇంకొకరికి అప్పజెప్పాలి, లేదా సగం సగం చేసి మోయాలి. సంవత్సరం గడిచింది కదా అని ఈ సంగతి మరిచిపోతారు.

మన ఎండల సంగతి కూడా ఈయనతోనే చెప్పాలి. ఏప్రిల్, మే నెలల్లో కడప జిల్లాలో ఎండ నలభై రెండు, నలభై మూడు డిగ్రీలకు పోతుంది. ఒంట్లో నీరు లాగేసే మాత్ర పొద్దున్నే వేసుకుని, బీపీ మాత్ర వేసుకుని, ఎనిమిది గంటల ఎండలో నడిస్తే కండ్లు తిరిగి పడతారు. వేసవిలో తెల్లారకముందే నడవాలి, కుదరకపోతే ఇంట్లో నడవాలి. నీళ్లు ఎన్ని తాగాలో కూడా డాక్టరు కొందరికి కొలిచి చెబుతారు. ఎండకు దాహమేసిందని చెంబులు చెంబులు తాగితే కాళ్ల వాపు, తాగకపోతే నీరసం. ఎండాకాలం మందుల మోతాదు మార్చాలేమో ఒక మాట అడగడం మేలు.

పౌరుషం అనే జబ్బు

భయం గురించి అందరూ చెబుతారు. మా సీమ వైపు దానికంటే ప్రమాదమైంది పౌరుషం. రెండు నెలలు బాగా నడిచి, ఒళ్లు తేలికపడ్డాక, "నాకేమైంది? మంచిగున్నా" అని మాత్రలు ఆపేసేవాళ్లు, మైదానంలో పాత స్నేహితుడు ముందు పోతున్నాడని అడుగు కలిపేవాళ్లు, మొక్కుకున్నాం కాబట్టి అలిపిరి నుంచి 3,550 మెట్లూ ఎక్కి తీరతామనేవాళ్లు. గుండెజబ్బు ఉన్నవాళ్లు కాలినడకన రావద్దని తిరుమల దేవస్థానమే చెబుతుంటుంది. దేవుడికి లేని పట్టుదల భక్తుడికెందుకు? గండి వీరాంజనేయస్వామి దగ్గరికి శ్రావణ శనివారం నడిచి పోవాలని కోరికగా ఉంటే చివరి కిలోమీటరు నడవండి, మిగతాది జీపులో పోండి. 2003లో రాజశేఖరరెడ్డి చేవెళ్ల నుంచి ఇచ్ఛాపురం దాకా దాదాపు 1,500 కిలోమీటర్లు నడిస్తే మన జిల్లాలో కథలు కథలుగా చెప్పుకున్నారు. ఆ నడకలో ఆయనే రాజమండ్రి దగ్గర జబ్బుపడి కొన్నాళ్లు ఆగారు. ఆగడం చిన్నతనమైతే ఆ యాత్ర అక్కడే ముగిసిపోయేది.

పౌరుషాన్ని కొలిచే పని ఒక నోటుబుక్కుకు అప్పజెప్పండి. పొద్దున లేచి, ఒంటికి పోయి వచ్చి, ఏమీ తినకముందు బరువు చూసుకుని రాయాలి. పక్కన ఆ రోజు నడిచిన నిమిషాలు, ఎంత యాష్టగా అనిపించిందో ఒక్క మాట. బరువు రెండు మూడు రోజుల్లోనే రెండు కిలోలు పెరిగితే అది కొవ్వు కాదు, ఒంట్లో చేరిన నీరు. ఆ రోజు వ్యాయామం లేదు, డాక్టరుకు ఫోన్ ఉంది. నిన్నటిదాకా సరిపోయిన చెప్పు ఇవాళ బిగుతైతే, ఒక దిండు మీద పడుకునే మనిషి మూడు దిండ్లు అడిగితే, రాత్రి ఊపిరాడక లేచి కూర్చుంటే అదే లెక్క. పెండ్లి భోజనం తర్వాతి రెండు రోజులు ఈ పుస్తకం మహా నిజాలు చెబుతుంది. ఊరగాయ, అప్పడం, ఊరిమిండి, అన్నిటి ఉప్పూ అక్కడ తేలుతుంది. నడుస్తుండగా ఛాతీలో పట్టేసినట్టున్నా, కండ్లు తిరిగినా, గుండె అదుపు తప్పి దడదడలాడినా ఆగి కూర్చోవాలి. తగ్గకపోతే 108.

ఇంట్లోవాళ్లకు ఒక మాట. "కూర్చో నాయనా" అన్న మాటను "లే నాయనా, ఒక చుట్టు తిరిగొద్దాం" అని మార్చడం కష్టమే, ఎందుకంటే ఏదైనా జరిగితే లేపినవాళ్ల మీదికి నింద వస్తుంది. పడుకోబెట్టినవాళ్ల మీదికి ఏ నిందా రాదు, వాళ్ల వల్ల మనిషి మెల్లగా కరిగిపోయినా సరే. ఈ అన్యాయం తెలిసి కూడా లేపేవాళ్లే ఆ మనిషికి కావాలి. మొదటి రెండు వారాలు పక్కన నడవండి, చెయ్యి పట్టుకోకుండా.

ఆడవాళ్ల సంగతి ఇంకో రకం. నాయనకు పంపింగ్ తగ్గితే మంచం నడింట్లోకి వస్తుంది, అమ్మకు తగ్గితే వంటగదిలో ఒక స్టూలు వస్తుంది. ఆమెను ఎవరూ పడుకోబెట్టరు, ఎవరూ నడిపించరు. నీళ్ల బిందె మోస్తుంది, మిద్దె మీద బట్టలారేస్తుంది, ఆయాసపడుతూ అన్నం వడ్డిస్తుంది. "పని చేస్తూనే ఉంది కదా, అదే వ్యాయామం" అని మగవాళ్లు తీర్పు చెబుతారు. పైన చీనీ తోట రైతుకు చెప్పిందే ఇక్కడా వర్తిస్తుంది. ఆమెకు తన కోసం తాను నడిచే ఇరవై నిమిషాలు కావాలి. ఆ ఇరవై నిమిషాలు పొయ్యి దగ్గర ఇంకొకరు నిలబడితేనే దొరుకుతాయి. కొడుకులకు టీ కాచుకోవడం రాదంటే తల్లి గుండెకు మందు సగమే అందుతున్నట్టు.

నాలుగు రోజులు జ్వరం వచ్చి, లేక పెండ్లి పనుల్లో పడి వ్యాయామం తప్పిపోతే, వదిలిపెట్టిన చోటి నుంచి మొదలుపెట్టవద్దు. ఇరవై నిమిషాల దగ్గర ఆపి ఉంటే పది నిమిషాల నుంచి ఎత్తుకుని, వారంలో మళ్లీ ఇరవైకి చేరండి. వారం పైన తప్పితే ఇంకా కిందికి దిగండి. ఆసుపత్రిలో మళ్లీ చేరి వస్తే కుర్చీ నుంచే మొదలు.

తర్వాతిసారి డాక్టరు దగ్గరికి పోయేటప్పుడు మందుల చీటీతో పాటు ఆ నోటుబుక్కు కూడా తీసుకుపోండి. గదిలో పది మంది రోగులు కాచుకుని ఉంటారు, ఆయన "నడవండి, మంచిది" అని తల ఊపి తర్వాతి వాళ్లను పిలుస్తాడు. లేవకండి. ఎన్ని నిమిషాలు, వారానికి ఎన్ని రోజులు, షాకిచ్చే పరికరం ఉంటే నాడి ఎంతకు మించకూడదు, ఏ బరువు దాటి ఎత్తకూడదు అని అడిగి, ఆయన చేతే ఆ పుస్తకంలో రాయించుకుని రండి.